దూకే ముందు... దిగడం నేర్పిద్దాం!

ఫోన్‌లో రీల్ చూస్తే అంతా రెండు క్షణాల ముచ్చట. మట్టి దిబ్బ మీద నుంచి బైకు గాల్లోకి లేస్తుంది. వెనకాల పాట మోగుతుంది. కింద వేలల్లో లైకులు. మన ఇంట్లో కుర్రాళ్లు రోజూ చూస్తున్నది ఇదే. బైకు నేల మీద పడ్డాక ఒంట్లో ఏం జరిగిందో మాత్రం రీల్‌లో ఉండదు. అది మా ఆసుపత్రిలో కనిపిస్తుంది. డర్ట్ బైక్ మీద దూకడం ప్రమాదమున్న ఆటే. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది, ఒక క్రమం ఉంది. మీ అబ్బాయో, అమ్మాయో ఆ మోజులో ఉంటే 'వద్దు' అనే ముందు, లేదా 'సరే' అనే ముందు ఈ నాలుగు విషయాలూ తెలుసుకోండి.

గ్యాస్ నొప్పి అనుకున్నారు!

ప్రభుత్వాసుపత్రిలో సోమవారం ఓపీ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఆ రోజు చీటీ పట్టుకుని వరుసలో వచ్చినవాళ్లలో ఒక తల్లి, ఆమె పదిహేడేళ్ల కొడుకు ఉన్నారు. శనివారం సాయంత్రం నుంచి కడుపునొప్పి, వాంతులు. 'బయట నూడుల్స్ తిన్నాడు సార్, గ్యాస్ పట్టేసింది' అంది తల్లి. మందుల షాపులో అడిగి గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు వేశారు. శనివారం రాత్రి కాస్త తగ్గినట్టే తగ్గి, ఆదివారం నుంచి మళ్లీ పెరిగిందట.

పిల్లాడు కడుపు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. నాడి చూస్తే నిమిషానికి 120 దాటింది. బల్ల మీద పడుకోబెట్టి చొక్కా ఎత్తమంటే ఎత్తడు. నేనే ఎత్తాను. బొడ్డుకు కాస్త పైన, గుండ్రంగా, రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దగా, కమిలిన మచ్చ.

బైకు హ్యాండిల్ చివర బలంగా గుచ్చుకుంటే పడే ముద్ర అది. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, 'ఎక్కడి నుంచి దూకావు నాన్నా?' అని అడిగాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి మాటే 'నాన్నకు చెప్పొద్దు సార్' అని.

ఊరి బయట కొత్తగా వేస్తున్న వెంచర్‌లో రోడ్డు కోసం పోసిన మట్టి దిబ్బ. తండ్రి ఆఫీసుకు వేసుకెళ్లే 110 సీసీ బైకు. ఎదురుగా ఫోన్లు పట్టుకుని నలుగురు స్నేహితులు. రెండుసార్లు బాగానే దూకాడు. మూడోసారి ముందు చక్రం ముందుగా నేలకు దిగింది, హ్యాండిల్ తిరిగి కడుపులో గుచ్చుకుంది. రక్తం చుక్క కారలేదు. లేచి, బైకు కడిగి, ఇంటికి తెచ్చి ఎప్పటి చోటే పెట్టేశాడు. రెండు రోజులు నోరు విప్పలేదు.

వెంటనే స్కాన్ చేయించాం. క్లోమం, అంటే పాంక్రియాస్, చిట్లింది. పొట్టకూ వెన్నెముకకూ నడుమ ఉండే మెత్తని గ్రంథి ఇది. ముందు నుంచి దెబ్బ తగిలితే వెన్నుపూసకూ ఆ దెబ్బకూ మధ్య నలిగిపోతుంది. అందులోని జీర్ణరసాలు బయటికి కారి చుట్టుపక్కల భాగాలను దెబ్బతీస్తాయి. మొదట్లో నొప్పి అంతగా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. పిల్లాడిని బోధనాసుపత్రికి పంపాం. ఆపరేషన్ అయింది. మూడు వారాలకు పైగా అక్కడే ఉండి, బతికి బయటపడ్డాడు.

దెబ్బ దిబ్బ దగ్గర తగిలింది, నిజమే. వాడిని చావుకు దగ్గరగా తీసుకెళ్లింది మాత్రం ఇంట్లో చెప్పలేకపోయిన ఆ రెండు రోజులే.

అక్క ఫోన్... బెంగళూరు ట్రాక్

ఆ తర్వాత కొన్నాళ్లకు అక్క నుంచి ఫోన్. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు డర్ట్ బైక్ నేర్చుకుంటానని పట్టుబట్టాడట. 'నువ్వు డాక్టరువి కదరా, వద్దని నువ్వే చెప్పు. నా మాట వినట్లేదు' అంది. వద్దనే చెబుదామనుకున్నాను. అప్పుడు ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. వాడికీ ఇంట్లో అందరూ 'వద్దు' అనే చెప్పి ఉంటారు. ఆ 'వద్దు' దూకడాన్ని ఆపలేదు, దూకానని చెప్పడాన్నే ఆపింది.

మేనల్లుడితో మాట్లాడితే, 'మావయ్యా, ఒకసారి నువ్వొచ్చి చూడు. నీకు నచ్చకపోతే మానేస్తా' అన్నాడు. వెళ్లాను. నగర శివార్లలో ఒక శిక్షణ ట్రాక్. ఉదయం ఏడింటికి మొదలుపెట్టారు. మధ్యాహ్నం వరకూ ఎవరినీ దూకనివ్వలేదు. బైకు మీద నిలబడటం, నిలబడి నడపడం, బ్రేకు వేయడం, గుంతలు దాటడం... ఇవే. మా వాడు విసుక్కున్నాడు. నాకు మాత్రం అప్పుడే సగం ధైర్యం వచ్చింది.

నేను బైకు శిక్షకుణ్ని కాదు. అక్కడ చూసినదాన్ని, వాళ్లు ఓపిగ్గా వివరించినదాన్ని శరీరం తెలిసిన డాక్టరుగా మీకు చెబుతున్నాను. దీన్ని చదివి దిబ్బ ఎక్కేయకండి. మీ పిల్లలకు నేర్పేవాళ్లు సరిగా నేర్పుతున్నారా లేదా అని చూసుకోవడానికి వాడుకోండి.

నాన్న బైకు ఎందుకు పనికిరాదంటే...

రోడ్డు మీద తిరిగే మామూలు బైకులో ముందు షాక్ అబ్జార్బర్లు కుంగే దూరం అర జానెడుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. స్పీడ్ బ్రేకర్లకూ, గుంతలకూ అది చాలు. దూకడం కోసమే తయారుచేసే మోటోక్రాస్ బైకుల్లో ఆ దూరం దాదాపు 30 సెంటీమీటర్లు. బరువు కూడా 100-110 కిలోల దగ్గరే ఉంటుంది. మన దేశంలో 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటివి ఈ రెంటికీ మధ్య రకం. అందులో ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు కుంగుతాయి. మట్టి దారులకు, నేర్చుకునేవాళ్ల చిన్న చిన్న గెంతులకు సరిపోతుంది. అంతే తప్ప అది రేసు బైకు కాదు. ఇక అచ్చమైన మోటోక్రాస్ బైకులకు రోడ్డు మీద తిరిగే అనుమతే ఉండదు. వాటిని ట్రాక్ దాకా బండిలో వేసుకెళ్లాల్సిందే.

ఈ కొలతలు ఎందుకంటే... చిన్న లెక్క చూడండి. మీటరు ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోయిందన్నదే ఎముకలకు ముఖ్యం. 60 కిలోల కుర్రాడు కాళ్లు బిగదీసుకుని, 5 సెంటీమీటర్లలో ఆగిపోతే ఒంటి మీద పడే భారం సగటున తన బరువుకు 20 రెట్లు దాటుతుంది. అంటే 1,200 కిలోల పైమాటే. అదే షాకులు కుంగి, మోకాళ్లు వంగి, మొత్తం 50 సెంటీమీటర్లలో ఆగితే మూడు రెట్లు, అంటే 180 కిలోలు. ఎత్తు అదే, మనిషీ వాడే. తేడా అంతా దిగిన తీరులోనే ఉంది.

ఆ 1,200 కిలోల భారం ఎక్కడికి వెళుతుందో మేం ఎక్స్‌రేల్లో చూస్తుంటాం. మడమ ఎముక నలుగుతుంది. మోకాలి కింది ఎముక పైభాగం కుంగుతుంది. నడుము పైన వెన్నుపూస పగులుతుంది. సీటు మీద కూర్చునే దిగితే కాళ్లకు పని లేక, భారమంతా నేరుగా వెన్నెముకకే పోతుంది.

సరైన పద్ధతి... మెట్టు మెట్టుగా

నిలబడటం: దూకేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. ఫుట్‌రెస్ట్‌ల మీద పాదం ముందు భాగంతో నిలబడాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, బైకును వాటితోనే నొక్కి పట్టాలి. నడుము కొంచెం వెనక్కి, తల హ్యాండిల్‌కు పైగా, మోచేతులు పక్కలకు ఎత్తి ఉంచాలి. పట్టు మోకాళ్లలో ఉండాలి, చేతులు వదులుగా ఉండాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా దిగబోయే చోట ఉండాలి. అక్కడి శిక్షకుడు ఒకే మాట పదే పదే అరుస్తున్నాడు... 'తల ఎత్తు, దూరం చూడు' అని.

ఎక్కడం: దిబ్బ ఎక్కేటప్పుడు వేగం ఒకేలా ఉండాలి. యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టి, చక్రాలు దిబ్బ అంచు దాటేదాకా అలాగే ఉంచాలి. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే. అంచు దగ్గరికి రాగానే భయమేసి యాక్సిలరేటర్ వదిలేస్తారు. వెంటనే ముందు షాకులు కుంగి, బైకు ముక్కు కిందికి వాలి, ముందు చక్రమే మొదట నేలకు దిగుతుంది. వెంచర్‌లో ఆ పిల్లాడికి జరిగింది ఇదే. 'మూడోసారి భయమేసి వదిలేశా సార్' అని తర్వాత చెప్పాడు. దీనికి ఎదురు తప్పు, అంచు దగ్గర ఒక్కసారిగా రేజ్ చేయడం. అలా చేస్తే ముందు చక్రం మరీ పైకి లేచి, మనిషి వెనక్కి పడతాడు.

గాల్లో: పైకి లేచేటప్పుడు బిగుసుకుపోకుండా, బైకును కాళ్ల కిందికి రానివ్వాలి. ముందు చక్రం మరీ లేస్తే క్లచ్ పట్టి వెనక బ్రేకును ఒకసారి తట్టాలి, ముక్కు కొంచెం దిగుతుంది. ముక్కు వాలిపోతుంటే కొంచెం రేజ్ చేయాలి, ముందు భాగం లేస్తుంది. తిరుగుతున్న వెనక చక్రం వేగం మారితే, దానికి తగ్గట్టు బైకు మొత్తం గాల్లో కాస్త తిరుగుతుంది. కిటుకు అదే. అయితే ఇవి రెండూ తప్పు దిద్దుకునే మార్గాలే. ఎక్కడం సరిగా ఉంటే మొదటి నెలల్లో వీటి అవసరమే రాకూడదు.

దిగడం: వాలు మీదకు దిగేటప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి తాకాలి. చదును నేల మీద అయితే వెనక చక్రం కాస్త ముందు తాకినా మంచిదే. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి ఉంచాలి. గాల్లో కాస్త సాగి ఉన్న కాళ్లు నేల తాకగానే స్ప్రింగులా మడతపడాలి. తాకీ తాకగానే కాలు కింద పెట్టకూడదు. బైకు ముందుకు పోతుంటే పాదం నేలకు పట్టుకుపోయి మోకాలు మెలిపడుతుంది, లిగమెంట్లు తెగుతాయి.

దిబ్బల క్రమం: మొదట మోకాలి ఎత్తు లేని చిన్న దిబ్బ. తర్వాత 'టేబుల్‌టాప్' రకం. దానికి ఎక్కే వాలు, పైన బల్లలా చదును, దిగే వాలు ఉంటాయి. దూరం తక్కువ పడినా చదును మీదే దిగుతారు కాబట్టి నేర్చుకునేవాళ్లకు అది మేలు. మధ్యలో గుంత ఉండే 'డబుల్' జోలికి చాలా కాలం పోకూడదు. ఏ దిబ్బనైనా ముందు నడుచుకుంటూ వెళ్లి రెండో పక్క చూసి రావాలి. అవతల ఏముందో తెలియకుండా దూకితే ఎంత నేర్పున్నా దండగే. వెంచర్లలో, చెరువు గట్ల మీద ఉండే దిబ్బలకు దిగే వాలు ఉండదు. రాళ్లు, ఇనుప చువ్వలు ఉంటాయి. అందుకే అవి దూకడానికి కావు.

ఇంటి మెట్టు మీద చిన్న పరీక్ష

ట్రాక్‌కు వెళ్లే నెల ముందు నుంచే ఒంటిని సిద్ధం చేయాలి. ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. వాకిట్లో అన్నిటికన్నా కింది మెట్టు మీద నిలబడి, రెండు కాళ్ల మీద కిందికి దూకమనండి. 'ధబ్' అని చప్పుడు వచ్చిందంటే కాళ్లు బిగుసుకున్నాయని అర్థం. ముందు పాదం, తర్వాత మడమ తాకి, మోకాళ్లూ తుంటీ వంగి, చప్పుడు లేకుండా దిగాలి. మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి తగలకూడదు. పది సార్లకు పది సార్లూ అలా దిగలేకపోతున్నారంటే ఇంకా సమయం కావాలి.

దీంతో పాటు గుంజీలు, ప్లాంక్, ముని కాళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం, కడ్డీ పట్టుకుని వేలాడటం... వారానికి మూడు నాలుగు రోజులు చేస్తే చాలు. కొత్తవాళ్లు హ్యాండిల్‌ను మరీ గట్టిగా పట్టడం వల్ల ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. అప్పుడు బ్రేకు కూడా సరిగా పట్టలేరు. అలా అనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. హెల్మెట్, గార్డులు, బూట్లు వేసుకుంటే ఒంటి వేడి బయటికి పోదు. ఎండాకాలంలో ఉదయం 9 గంటల్లోపే ముగించాలి. మధ్యమధ్యలో నీళ్లు, ఓఆర్‌ఎస్ తాగాలి. తల తిరగడం, వికారం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే నీడలోకి తెచ్చి, గార్డులు విప్పి, ఒంటిని చల్లబరచాలి.

ఏమేం వేసుకోవాలి?

హెల్మెట్: తలకు సరిగ్గా పట్టే, గడ్డం దాకా కప్పే ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్. మోటోక్రాస్ హెల్మెట్ అయితే దాంతో గాగుల్స్ తప్పనిసరి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా మార్చాలి. లోపలి నురుగు పొర నలిగిపోయాక రెండో దెబ్బను ఆపలేదు.

ఛాతీ, వీపు గార్డు: హ్యాండిల్ గుచ్చుకున్నప్పుడు కొంత దెబ్బను ఇదే తీసుకుంటుంది. అయితే చాలా రకాలు బొడ్డు దాకా రావు. అందుకే గార్డు ఉందన్న ధీమాతో కడుపు దెబ్బను తేలిగ్గా తీసుకోకూడదు.

బూట్లు, మోకాలి గార్డులు: మోకాలి కింది వరకూ వచ్చే గట్టి బూట్లు చీలమండను కాపాడతాయి. స్పోర్ట్స్ షూలు, చెప్పులు పనికిరావు. గ్లవ్స్, మోచేతి గార్డులు కూడా ఉండాలి.

చాలా శిక్షణ ట్రాకుల్లో బైకు, గార్డులు అద్దెకు ఇస్తారు. ముందు వాటితోనే నేర్చుకోనివ్వండి. మోజు తగ్గిపోతే డబ్బులైనా మిగులుతాయి. మీ ఆరోగ్య బీమా పాలసీలో సాహస క్రీడల గాయాల గురించి ఏముందో కూడా ఒకసారి చదవండి.

ఎవరు ఆగాలి?

ఫిట్స్ ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఈ మధ్యే తలకు దెబ్బ తగిలినవాళ్లు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లో ప్లీహం ఉబ్బుతుంది. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు. ఉబ్బిన ప్లీహం చిన్న దెబ్బకే చిట్లుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి రక్తస్రావం ఆగదు. జ్వరం నుంచి లేచినవాళ్లు డాక్టరు కడుపు పరీక్షించి సరేననేదాకా ట్రాక్ ఎక్కకూడదు.

టీనేజీ పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే పొరలు ఉంటాయి. అక్కడ విరిగితే ఆ చేయి, కాలు పొట్టిగానో వంకరగానో ఎదగొచ్చు. కాబట్టి పిల్లలు నేర్చుకుంటే వాళ్ల సైజు చిన్న బైకుల మీద, మూసి ఉన్న ట్రాక్‌లో, శిక్షకుడి కళ్ల ముందే నేర్చుకోవాలి. రోడ్డు మీద మైనరుకు బండి ఇస్తే 2019 సవరణతో వచ్చిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకూ జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇవ్వరు.

పడితే... ఆ పది నిమిషాలు

• ముందుగా ఒకరు దిబ్బకు ఇవతల నిలబడి, చేతులు ఊపి వెనక వస్తున్నవాళ్లను ఆపాలి. పడినవాళ్ల మీదే ఇంకొకరు దూకే ప్రమాదం ఉంటుంది.

• చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకండి. ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బైకు మీద ఆసుపత్రికి తేవడం మన దగ్గర మామూలు. మెడ, వెన్నుపూస విరిగి ఉంటే ఆ ప్రయాణంలోనే కాళ్లు చచ్చుబడిపోవచ్చు. 108కి ఫోన్ చేయండి.

• ఊపిరి సరిగా ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. ముఖం మీది అద్దమో, గాగుల్సో తీసేస్తే చాలు. ఊపిరి ఆడకపోతేనే, ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా తీయాలి.

• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్లు, సోడా తాగించకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు.

తర్వాతి రెండు రోజులే కీలకం!

పైకి ఏమీ కనిపించని దెబ్బలే మమ్మల్ని ఎక్కువ భయపెడతాయి. పడిన తర్వాత 48 గంటలు వీటిని గమనించండి. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి రావాల్సిందే.

• కడుపునొప్పి పెరుగుతుండటం, వాంతులు, పొట్ట గట్టిపడటం.

• భుజానికి దెబ్బ తగలకపోయినా ఎడమ భుజం పైన నొప్పి. ప్లీహం చిట్లితే ఇలా రావొచ్చు.

• మూత్రంలో రక్తం.

• లేచి నిలబడితే కళ్లు తిరగడం, చెమటలు, నాడి వేగంగా కొట్టుకోవడం.

• తలనొప్పి పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, మత్తుగా ఉండటం, అడిగిందే అడగడం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారడం.

• చేతికో కాలికో భరించలేని నొప్పి, వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లబడటం.

ఈలోపు నూనె మర్దనా, నాటు కట్టు వద్దు. బిగించిన కట్టు కింద రక్తప్రసరణ ఆగి చేయి పోగొట్టుకున్నవాళ్లను చూశాను. డాక్టరు చూడకముందే నొప్పి ఇంజెక్షన్లు కూడా చేయించకండి. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్ని లక్షణాలను కప్పేస్తాయి. తలకు దెబ్బ తగిలి కాసేపు తికమకపడ్డవాళ్లు ఆ రోజు మళ్లీ బైకు ఎక్కనే కూడదు. డాక్టరు చెప్పాక మెల్లమెల్లగా మొదలుపెట్టాలి.

గొప్పవాళ్లూ పడ్డారు

2015లో డకార్ ర్యాలీని పూర్తి చేసిన తొలి భారతీయుడు బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్. 2021 జనవరిలో అదే ర్యాలీలో, సౌదీ అరేబియాలో పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలింది. హెలికాప్టర్‌లో తరలించారు. డాక్టర్లు మందులతో కోమాలో ఉంచి చికిత్స చేశారు. కోలుకున్నారు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2018లో స్పెయిన్‌లో జరిగిన బాజా పోటీలో పడ్డప్పుడు చిట్లింది ఆమె క్లోమమే. మా పిల్లాడికి తగిలిన దెబ్బే. ఆమె కోలుకుని, మరుసటి ఏడాది 2019లో బాజా వరల్డ్ కప్‌లో మహిళల టైటిల్ గెలిచారు. మోటార్ స్పోర్ట్స్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే.

ఈ ఇద్దరి కథలనూ మీ పిల్లలకు పూర్తిగా చెప్పండి. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా పడతారు. పడ్డప్పుడు వాళ్ల చుట్టూ డాక్టర్లున్నారు, దెబ్బను దాచాల్సిన అవసరం రాలేదు. వెంచర్‌లో దూకే కుర్రాడి చుట్టూ ఉండేది ఫోన్లు పట్టుకున్న స్నేహితులే.

ఒకే ఒక్క షరతు

ఆ రోజు ట్రాక్ దగ్గర నుంచి బయల్దేరే ముందు మేనల్లుడికి ఒక్క షరతు పెట్టాను. 'చిన్నదైనా పెద్దదైనా, పడ్డావంటే ఆ రోజే నాకు ఫోన్ చేయాలి. నేను తిట్టను. మీ అమ్మకు ఎలా చెప్పాలో నాకు వదిలెయ్' అని. అక్కకూ అదే చెప్పాను. 'వాడు చెప్పినప్పుడు నువ్వు అరిచావంటే ఇంకోసారి చెప్పడు' అన్నాను. ఆమెకు నచ్చలేదు, కానీ ఒప్పుకుంది.

నాలుగు నెలలకు ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్. 'మావయ్యా, పడ్డాను. పెద్దగా ఏం లేదు, మణికట్టు కొంచెం నొప్పి' అన్నాడు. బొటనవేలు మొదట్లో, వేలు చాపితే గుంత పడే చోట నొక్కి చూడమన్నాను. 'అక్కడే బాగా నొప్పి' అన్నాడు. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగితే నొప్పి అక్కడే ఉంటుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. బెణుకు అనుకుని వదిలేస్తే అతుక్కోక, జీవితాంతం మణికట్టు నొప్పి మిగులుతుంది. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రే మామూలుగానే ఉన్నా పట్టీ వేశారు. పది రోజుల తర్వాత మళ్లీ తీస్తే పగులు కనిపించింది. పట్టీలో ఉంచడం వల్ల అతుక్కుంది. మూడు నెలలు బైకు ముట్టుకోలేదు. మా అక్క అరవలేదు. వంట చేసి పెట్టడానికి బెంగళూరు వెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది.

ఆ పదిహేడేళ్ల పిల్లాడు ఇప్పటికీ అప్పుడప్పుడూ చూపించుకోవడానికి వస్తాడు. కడుపు మీద నిలువుగా కుట్ల గీత. ఈ మధ్య తండ్రి కూడా వెంట వచ్చాడు. 'ఆ రోజే చెప్పి ఉంటే ఏమనేవాణ్ని సార్, నా కొడుకే కదా' అన్నాడు. పిల్లాడు తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు. ఆ మాట వాడికి దూకకముందే తెలిసి ఉండాల్సింది.

మీ ఇంట్లో బైకు మోజున్న పిల్లలుంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. రీల్ చూస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. 'వీడు ఎలా దిగాడో చూడు' అని మాట కలపండి. ఆ తర్వాత, పడితే ఎవరికి చెప్పాలో కూడా మీరే చెప్పండి.